ఒల్వేనీ కరెంటుకి బుద్ధి చెప్పిన వైనం

ఒల్వేనీ నోరు తెరిచాడంటే కిసుము బస్టాండు పక్కనున్న ఆ టీ బడ్డీలో నూనెలోంచి తీసిన వేడి వేడి మందాజీలు చల్లారిపోవాల్సిందే. నమ్మినా నమ్మకపోయినా అందరూ వింటారు. ఆ పొద్దున అడోయో మాత్రం కబుర్లకి రాలేదు, పని మీద వచ్చింది. ఇంటి వెనక రేకుల షెడ్డులో చెక్క నునుపు చేసే రందా మిషను వేస్తే చాలు, బోర్డులో బ్రేకరు టప్పున పడిపోతోంది. సోమవారానికి బడికి ఇరవై బల్లలు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ పని ఇంకో వడ్రంగికి పోతుంది.

"కరెంటు పని చేస్తావటగా అన్నా, ఒక్కసారి వచ్చి చూడవా?" అంది.

"బ్రేకరు పడటమా? ఓస్, ఇంతేనా! అహేరో ఊళ్లో వడ్రంగి ఒంబేవాకీ ఇదే రోగం. రందా తిప్పాడా, టప్! నన్ను పిలిచాడు. నేనేం చేశానూ, బోర్డుకి చెవి ఆనించి విన్నా, డాక్టర్లు గుండె వినరూ, అట్లా. వింటుంటే వేలు తగిలింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"షాకు కొట్టిందా?" అన్నాడు మోటారు సైకిలు నడిపే ఒగోలా, కప్పు నోటిదాకా తెచ్చి ఆపేసి.

"కొట్టబోయింది! గట్టిగా పట్టుకున్నా. గింజుకుంది, వదల్లేదు. ఎడం చేతిలోంచి ఎక్కి కుడి చేతిలోంచి జారుకుందామని చూస్తే, కుడి చెయ్యి జేబులో పెట్టేశా. ఇంకెటు పోతుంది? కడుపులో చేరింది. పొద్దున తాగిన జావ మళ్లీ ఉడికింది! పళ్ల మధ్య బల్బు పెడితే వెలిగింది, ఆ వెలుగులోనే బోర్డు విప్పా!"

"అమ్మ బాబోయ్!" అంది టీ పోసే అకేయో. టీ కప్పు దాటి బల్ల మీదకి పోతోంది.

"ఉండవమ్మా, అప్పుడే ఏమైంది! ఒళ్లు వేడెక్కిపోయి ఒక్క పరుగున వచ్చి మన సరస్సులో దూకా. సరస్సంతా బుడబుడ! చేపలు వేగిపోయి ఒడ్డుకొచ్చి పడ్డాయి, ఉప్పొక్కటే తక్కువ. అవతల ఉగాండాలో మూడూళ్లకి ఆ వారమంతా కరెంటు నా పుణ్యమే!"

అడోయోకి నవ్వొచ్చింది. కానీ అవసరం తనది. "అది సరే అన్నా, ఆ బ్రేకరు సంగతేమైంది?"

"మూడేళ్లయింది. ఒక్కసారి పడితే ఒట్టు! పిడుగు పడ్డా అది పడదు."

"లోపం ఎక్కడుందట?"

"లోపంతో మనకేం పనమ్మా? బ్రేకర్నే పీకేసి రెండు తీగలూ మెలేసి కలిపేశా. గోల చేసేదే లేకపోతే ఇంక గోలేముంది!"

ఎవరూ నవ్వలేదు. అడోయోకి తన షెడ్డు గుర్తొచ్చింది. నిన్న తడి కాళ్లతో మిషను ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంది, ఆ క్షణంలోనే టప్పుమని కరెంటు పోయింది. పాడు బ్రేకరని తిట్టుకుంది. అది పడబట్టే ఇవాళ ఇక్కడ కూర్చుని టీ తాగుతోంది.

"అన్నా, ఒంబేవా ఉన్నాడా?"

"అహేరోలోనే, ఆ షెడ్డులోనే..."

"అది కాదు. బతికే ఉన్నాడా?"

ఒల్వేనీ చేతిలో కప్పు బల్ల మీద పెట్టేశాడు.

"కనుక్కోలేదమ్మా," అన్నాడు.

అడోయో లేచి నిలబడింది. "ఒగోలా, బండి తియ్యి. నా బల్లలు తర్వాత, ముందు అహేరో పోదాం. ఎక్కు అన్నా. ఆ మెలిక నువ్వే వేశావు, నీ చేత్తోనే విప్పాలి."

ఒల్వేనీ ఆమె వెనక ఎక్కి కూర్చున్నాడు. బండి కదిలాక చిన్నగా అడిగాడు.

"ముందు మెయిన్ ఆపుతాం కదమ్మా?"