రీబూట్ అక్కర్లేదని ఒక్క మాట

ఆసుపత్రి కంప్యూటర్ గదిలో తలుపు గడియ పెట్టుకుని, తనకు పని నేర్పి రిటైరైన పెద్దాయనకు ఇన్‌చార్జి ఫోన్ చేశాడు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నా ఫోన్ పెట్టెయ్యలేదు.

"...అది కాదు గురువుగారూ, మన సర్వర్‌లో లైనక్స్ అప్‌గ్రేడ్ బాగానే అయింది. సర్వీసులన్నీ రీస్టార్ట్ చేశాను. రిపోర్టులూ బిల్లులూ అన్నీ నడుస్తున్నాయి."

"సంతోషం. మరి రీబూట్?"

"అదేనండీ... సాయంత్రంలోగా చేసి తీరాలని డైరెక్టర్ మేడమ్ పట్టు. అక్కర్లేదని మీరొక్క మాట ఆవిడతో అంటే..."

"కెర్నల్ మారిందా?"

"మారింది."

"మరి గోడలకి సున్నం కొడితే పునాది మారుతుందట్రా? సర్వీసులు కొత్తవే, పునాదిలా కింద నడిచేది ఇంకా పాత కెర్నలే. మిషన్ ఆపి లేపితేనే కొత్తది వచ్చేది."

"తెలుసండీ."

"తెలిసీ నాచేత అబద్ధం చెప్పిస్తావా? అప్‌గ్రేడ్ చేసిన ప్రతిసారీ రీబూట్ కొట్టడం తప్ప ముసలాయనకేం రాదని మీటింగులో అందర్నీ నవ్వించింది నువ్వేగా!"

"అది... మీదాకా వచ్చిందా..."

"వచ్చిందిలే. నసగకుండా అసలు సంగతి చెప్పు."

"మిషన్ మళ్ళీ లేచేటప్పుడు డిస్కు పాస్‌వర్డ్ అడుగుతుంది కదండీ."

"అడుగుతుంది. అది కొట్టందే ఒక్క ఫైలూ తెరుచుకోదు."

"అదే... అదే మర్చిపోయాను. మీరెళ్ళాక ఒక్కసారీ రీబూట్ చెయ్యలేదు."

"ఓస్, ఇంతేనా! చెప్తాను, రాసుకో."

"మీది కాదండీ."

"అంటే?"

"మార్చాను."

"ఎప్పుడు?"

"మీకు దండ వేసి పంపిన రోజే. సాయంత్రం."

"ఎందుకు?"

"ఊరికే."

"ఊరికేనా?"

"మీరు మళ్ళీ వచ్చి వేలు పెడతారేమోనని... పైవాళ్ళతో కూడా అలాగే అన్నాను. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీట్లేదు గురువుగారూ."

"మార్చావని నాకు తెలుసు. నీ నోటితోనే చెప్తావేమోనని చూశాను."

"తెలుసా! ఎలా?"

"కళ్ళజోడు మర్చిపోయి వెనక్కొచ్చాను. నీ కుర్చీ వెనకే నిలబడ్డాను. నువ్వు కొత్త పాస్‌వర్డ్ కొడుతున్నావు."

"వెనకే ఉన్నారా? అయితే చూసే ఉంటారు! మీ కాళ్ళు పట్టుకుంటాను, ఏం కొట్టానో చెప్పండి! మీకేదైనా గుర్తుకొస్తే, ఒక్క అక్షరమైనా..."

"చూళ్ళేదురా. తల తిప్పుకున్నాను. పక్కవాడు పాస్‌వర్డ్ కొడుతుంటే తల తిప్పుకోవాలని నీకు నేర్పింది నేనే కదా."