మలుపు దగ్గర ఈల

షెడ్డులో పికప్ బండి బానెట్ ఎత్తి ఉంది. మెకానిక్ చేతులు తుడుచుకుంటూ, బండి తెచ్చిన అమ్మాయి వంక చూశాడు.

"ఇంజిన్‌లోకి గాలి పోయే గొట్టం దగ్గర గాస్కెట్ చిరిగిందమ్మా. ఆ సందులోంచి గాలి లాక్కుంటూ ఈల వేస్తోంది. మార్చుకోమని మీ నాన్నకి ఎన్నిసార్లు చెప్పానో!"

"నాన్న ఏమనేవారు?"

"దాని జోలికి పోకురా, మలుపు తిరగ్గానే మీ వదిన విని తలుపు తీస్తుంది అనేవాడు."

"అమ్మ ఇప్పటికీ తీస్తోంది బాబాయ్."

"అన్నయ్య పోయి నాలుగు నెలలైంది కదమ్మా!"

"తెలియక కాదు. ఈల వినపడితే చాలు, గోడ పట్టుకుని లేచి వచ్చేస్తుంది. తలుపు తీసి, నన్ను చూసి, లోపలికి వెళ్లిపోతుంది. రోజూ ఆ మొహం చూడలేకపోతున్నాను. మార్చెయ్యి బాబాయ్."

అతను కొత్త గాస్కెట్ పెట్టి, బోల్టులను మధ్య నుంచి చివరలకు కొంచెం కొంచెంగా బిగించాడు. ఇంజిన్ స్టార్ట్ చేస్తే ఈల లేదు. అతను బానెట్ దించాడు.

"మరి నువ్వొస్తున్నట్టు వదినకి ఎలా తెలుస్తుందమ్మా?"

"మలుపులోనే హారన్ కొడతాను. నాన్న ఎప్పుడూ కొట్టలేదుగా."