అడుగు చెక్కలు

కొలతలు తీసుకుపోదువుగాని రమ్మంటే, పాత ఇనప సామాను వాడి నెంబరు ఇస్తానంటావేంటి రాజారత్నం అన్నయ్యా? ఆ నెంబర్లు నా దగ్గర లేకనా నిన్ను రేపల్లె నుంచి పిలిపించింది? లారీలకి బాడీలు కట్టేవాడివి, చెక్కపని తెలిసినవాడివి అని పిలిచాను. సలహా చెప్పమని కాదుగదా!

నాకు తెలుసులే. ఈ బండి ఇంక కదలదు. ఇంజిన్ పట్టేసింది. టైర్లు ఇసకలో దిగబడిపోయినయ్యి. కాయితాలకి గడువు ఎప్పుడో తీరిపోయింది. నువ్వు కొత్తగా చెప్పాలా? మా అడవులదీవిలో ఎవర్నడిగినా చెబుతారు.

కదలక్కర్లేదన్నయ్యా. ఎక్కడికీ పోనక్కర్లేదు. వెనకాల తొట్టిలో అడుగు చెక్కలు మాత్రం మార్చు. మనిషి కూచుంటే విరక్కుండా ఉండాలి. ఇద్దరు కూచున్నా విరక్కూడదు. అంతకంటే నేనేం అడగడంలేదు.

ఏంటీ, రేకు కొట్టిస్తే సరిపోతుందా? ఆ ముచ్చటా అయిపోయింది. ఇట్టా అరుగు మీద కూచో, చెప్తాను. టీ చల్లారిపోతంది, తాగు ముందు.

మా ఆయన్ని నువ్వెరుగుదువు. అంకారావు అంటే నిజాంపట్నం హార్బరు నుంచి తెనాలి మార్కెట్టు దాకా తెలియనివాళ్ళు లేరు. భట్టిప్రోల్లో బసవేశ్వరరావుగారని ఒక రైతు, ఆయన దగ్గర కొన్నాడు దీన్ని. అప్పటికే ముసలి బండి. జీపు మూతి, వెనక చెక్క తొట్టి. ఆయన అరటిగెలలు తోలేవాడంట. మా ఆయన దీన్ని తోలుకుని ఊళ్ళోకి వచ్చిన రోజు మావాళ్ళంతా ఒకటే నవ్వు. 'అంకారావు తాతని కొనుక్కొచ్చాడ్రా' అని!

తాతే మమ్మల్ని సాకాడు మరి. పిల్లోడి చదువు, ఈ రెండు గదులు, అన్నీ ఆ తొట్టిలోంచి వచ్చినయ్యే.

చేపల బండికి చెక్క ఎన్నాళ్ళు ఆగుతుంది చెప్పు? కిందంతా ఐసు నీళ్ళు, ఉప్పు నీళ్ళు, పైన ఎండ. కుళ్ళినప్పుడల్లా ఒక చెక్క తీసి ఇంకో చెక్క వేయించేవాడు. నువ్వే వేసుంటావు కొన్ని. తెనాల్లో సరుకు దించేసి వస్తా వస్తా, భట్టిప్రోలు కాలవ దగ్గర ఆపి కడిగేవాడు. చెక్కల మధ్య సందుల్లో ఇరుక్కున్న పొలుసులు గోటితో గీకేవాడు. నేనూ బుట్ట పెట్టుకుని అమ్మేదాన్నిగా తెనాల్లో, ఆ బండిలోనే పోయి ఆ బండిలోనే వచ్చేదాన్ని. 'ఒసే రత్తాలూ, కూచుని చూస్తావేంటే, నీళ్ళు పొయ్యి' అనేవాడు. పోసేదాన్ని. చీర తడిసిపోయేది. తిట్టుకునేదాన్ని.

అట్టా తిట్టుకుంటా బతికినవాళ్ళమే.

ఎప్పుడు మొదలైందో నాకు తెలియదన్నయ్యా. నిజంగా తెలియదు. మొదట్లో పేర్లు మర్చిపోయేవాడు. ఎవరు మర్చిపోరు? ఒకసారి ఐసు వేయకుండానే సరుకు ఎక్కించుకుపోయాడు. ధ్యాస ఎక్కడో ఉందిలే అనుకున్నాను. నేను బుట్ట మానేశాక ఒక్కడే పోయి వస్తున్నాడు కదా, పక్కన మనిషి లేక అనుకున్నాను.

ఆ తర్వాత ఒకరోజు తెనాలి పోయినవాడు తిరిగి రాలేదు.

సరుకు దించాడంట. అందరితో బాగానే మాట్లాడాడంట. బండెక్కి, ఇటు రేపల్లె రోడ్డుకి రావాల్సినవాడు పొన్నూరు మీదుగా బాపట్ల పోయాడు. బాపట్ల దాటి ఇంకా పోయాడు. స్టూవర్టుపురం అవతల డీజిలు అయిపోయి ఆగింది. జామకాయలమ్ముకునే ఆవిడ, ఎంతసేపటికీ ఈ మనిషి స్టీరింగు వదలకపోతే అనుమానం వచ్చి, ఆయన జేబులో ఫోన్ తీసి మాకు చేసింది. ఎవరో తల్లి, ఆవిడ కడుపు చల్లగుండ.

నేనూ మా ఉదయూ పోయాం. ఉదయ్ నా కొడుకు, ఎరుగుదువుగా, రొయ్యల చెరువుల దగ్గర సూపర్వైజరు పని. మమ్మల్ని చూసి ఆయన ఏమన్నాడో తెలుసా? 'కడగాలి, కాలవ రావడంలేదేంటి?' అన్నాడు. భట్టిప్రోలు కాలవ కోసం వెతుక్కుంటా పోయాడన్నయ్యా అంత దూరం. ఖాళీ బాక్సులు వెనక దొర్లుతున్నాయి. ఆ చప్పుడు వింటా వింటా ఎట్టా పోయాడో!

ఉదయ్ తాళంచెవి తీసేసుకున్నాడు. గుంటూరు తీసుకుపోయాం. తలకాయకి ఫోటోలు తీశారు. డాక్టరుగారు మంచాయనే, అబద్ధం చెప్పలేదు. 'ఇది వెనక్కి వచ్చే జబ్బు కాదమ్మా. కోప్పడకండి. ఆయన ఎక్కడుంటే మీరూ అక్కడికే పోండి' అన్నాడు. అప్పుడు నాకు ఆ మాట అర్థం కాలేదు. ఎక్కడికి పోవాలి, ఇంట్లోనేగా ఉంటాం అనుకున్నాను.

ఇంట్లో ఎక్కడుంటాడు! తెల్లారితే చాలు, పోయి తొట్టిలో ఎక్కేవాడు. బకెట్టుతో నీళ్ళు కావాలనేవాడు. కడిగిందే కడిగి, లేని పొలుసులు గీకి, ఒక మూల కూచునేవాడు. బండి పోతున్నట్టే ఊగేవాడు. మనిషి అక్కడ నిమ్మళంగా ఉండేవాడు. పోనీలే అని నేను ఇంటిపని చూసుకునేదాన్ని.

రోజూ నీళ్ళు పడితే చెక్క ఏమవుతుంది? ఒకరోజు పెద్ద చప్పుడైంది. పరిగెత్తుకుపోతే కాలు మోకాలి దాకా కిందికి దిగిపోయింది. తుప్పు బోల్టు చీల్చేసింది పిక్కని. కుట్లు వేయిస్తుంటే ఆయన నర్సమ్మకి చెబుతున్నాడు, 'తల్లీ, సరుకు పాడైపోతంది, తొందరగా కానియ్యి' అని.

అప్పుడు పిలిచాడు ఉదయ్ పాత సామాను వాళ్ళని. వాణ్ణి నేనేం అననన్నయ్యా. తండ్రి కాలు చూసి భయపడ్డాడు. గొలుసులు పట్టుకుని వచ్చారు, లాక్కుపోవడానికి. ఈయన వాళ్ళని చూశాడు. చూసి, ఆ కుట్ల కాలుతోనే ఎక్కి, కుళ్ళిన చెక్కల మీద బోర్లా పడుకుని, తొట్టి అంచు రెండు చేతులా పట్టుకున్నాడు.

ఏడ్చాడనుకుంటున్నావా? ఏడిస్తే బాగుండేది. అరిచాడు. మనిషి గొంతులా లేదు. ఉదయ్ పోయి 'నాన్నా, నేను, ఉదయ్‌ని' అంటే వాడి మొహాన ఉమ్మేశాడు. కొడుకుని గుర్తుపట్టలేదు, బండిని గుర్తుపట్టాడు! వాడు మొహం తుడుచుకుని, వాళ్ళకి దణ్ణం పెట్టి పంపించేసి, ఆ కొబ్బరిచెట్టు చాటుకి పోయి ఏడ్చాడు. మీసాలొచ్చిన కొడుకు అట్టా ఏడుస్తుంటే చూడటం ఏ తల్లికీ వద్దు.

ఆ తర్వాత వాడే మనసు మార్చుకుని ఇనప రేకు కొట్టించాడు. నువ్వు చెప్పావే, అదే. గట్టిగా, శుభ్రంగా ఉంది. మా ఆయన ఎక్కాడు. అరచేత్తో తడిమాడు. సందుల కోసం వెతికాడు. ఏవి సందులు? మళ్ళీ తడిమాడు. నా వంక చూసి, 'ఇది నాది కాదమ్మా. నా బండి ఎవరో ఎత్తుకుపోయారు' అని దిగిపోయాడు.

దిగి నడక మొదలుపెట్టాడు. బండిని వెతకడానికి! నిజాంపట్నం రోడ్డు మీద, ఎండలో, చెప్పుల్లేకుండా. కల్వర్టు దగ్గర పట్టుకున్నాం. మర్నాడు మళ్ళీ పోయాడు. తలుపు గడియ పెడితే తల గోడకేసి కొట్టుకున్నాడు. ఇంక చేసేదేముంది, రేకు పీకించేశాం. అదిగో, దడికి ఆనించి ఉంది చూడు.

అందుకని చెక్కే కావాలి. రేపల్లె కలప అడితిలో మద్ది చెక్క దొరుకుతుందిగా, అది తీసుకో. సందులు మాత్రం ఇదివరకు ఎంత ఉండేయో అంతే వదులు. ఒకేసారి అంతా పీకెయ్యొద్దు. ఒక చెక్క తీసి ఇంకో చెక్క వెయ్యి, ఆయన అందులోనే కూచుంటాడు. బోల్టులు రాకపోతే రంపంతో కోసుకో. గ్యాసు మంట పెట్టకు, బెదిరిపోతాడు.

అవును, ఇదీ కుళ్ళుతుంది. నాకు తెలియదా? ఆయన రోజూ కడుగుతాడు, ఇదీ కుళ్ళుతుంది. చెక్క ముందు పోతుందో ఆయన ముందు పోతాడో. నేను దేవుణ్ణి ఏం అడగాలో కూడా నాకు తెలియడంలేదన్నయ్యా.

నా కనుబొమ్మ మీద మచ్చేంటి అనడిగావు ఇందాక. గడప తగిలిందన్నాను. గడప కాదులే. స్నానం చేయించబోతే చెంబు పెట్టి కొట్టాడు. ఇంట్లో నన్ను దగ్గరికి రానివ్వడు. 'ఎవత్తివి నువ్వు, నా ఒంటి మీద చెయ్యేస్తావేంటి? నాకు పెళ్ళాం ఉంది' అంటాడు. చూశావా? పెళ్ళాం ఉందని నన్ను కొడతాడు!

అన్నం పెడితే తినడు. మందు పెట్టావంటాడు. మనిషి పుల్లలా అయిపోయాడు. అప్పుడు గుర్తొచ్చింది డాక్టరుగారి మాట. ఒకరోజు కంచం పట్టుకుని నేనూ ఎక్కాను తొట్టిలోకి. విరుగుతుందేమోనని దూలం మీద అడుగు వేసుకుంటా పోయి ఎదురుగా కూచున్నాను.

ఆయన సర్దుకుని చోటిచ్చాడు. 'ఎక్కడ దిగాలమ్మా?' అన్నాడు.

'రేపల్లె' అన్నాను.

'కూచో. రేపల్లె వచ్చాక నేను చెబుతాలే. పేరేంటి తల్లీ?'

పుల్లమ్మ అన్నాను. ఎందుకన్నానో! మా అమ్మమ్మ పేరు అది, నోటికొచ్చింది. 'దోవలో తినడానికి తెచ్చుకున్నాను, మీరూ ఒక ముద్ద తినండి' అన్నాను. తిన్నాడన్నయ్యా! చేయి చాపి తీసుకుని తిన్నాడు. 'మా ఇంటిది కూడా చింతకాయ పులుసు ఇట్టాగే పెడుతుంది' అన్నాడు.

అప్పట్నుంచి ఆ తొట్టిలోనే. అన్నం అందులోనే, మాత్రలు అందులోనే. ఒళ్ళు తుడవడం కూడా, 'చేపల నీసు అంటుకుంది, తుడుచుకోండి' అంటే ఒప్పుకుంటాడు. దారి పొడుగునా కబుర్లు చెబుతాడు. ఇన్నేళ్ళ కాపరంలో నాతో ఇన్ని మాట్లాళ్ళేదు ఎప్పుడూ. పెళ్ళైన కొత్తలో సూర్యలంక తీసుకుపోయాడంట నన్ను. 'సముద్రం పక్కనే పుట్టినదాన్ని, మళ్ళీ సముద్రం చూపిస్తావేంటి అని నవ్వింది పిచ్చిది' అని చెప్పి ఆయన నవ్వాడు. నాకు గుర్తే లేదు ఆ సంగతి. ఆయనకుంది.

అంతా బాగానే ఉందనుకో. కానీ మొదట్లో కాసేపటికి వెతుక్కునేవాడు. 'రత్తాలు ఏదీ? తెనాల్లో ఎక్కలేదా? మర్చిపోయి వచ్చేశానా?' అని తొట్టంతా చూస్తాడు. నేనేనయ్యా రత్తాలుని, ఇదిగో చూడు అని చెప్పాను. ఎన్నిసార్లో చెప్పాను. గడ్డం పట్టుకుని చెప్పాను. నా మొహం అట్టా చూస్తాడు, చూస్తాడు, కళ్ళల్లో భయం వచ్చేస్తుంది. వెనక్కి వెనక్కి జరిగి మూలకి నక్కుతాడు. ఆ రోజంతా మెతుకు ముట్టడు.

పోయిన నెల్లో కామోసు, నా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించి అడిగాడు. 'పుల్లమ్మా, నువ్వు బయటిదానివి, నువ్వైనా నిజం చెప్పు. మా రత్తాలు చచ్చిపోయింది కదూ? వీళ్ళంతా నా దగ్గర దాస్తున్నారు కదూ?'

నేను లేదని చెప్పాలి. చెప్పాలిగా? నోరు తెరిచాను కూడా. మళ్ళీ ఆ వెతుకులాట, మళ్ళీ ఆ భయం... నాకు ఓపిక లేకపోయిందన్నయ్యా.

'అవునండి, పోయింది' అన్నాను.

ఏడ్చాడు. చిన్నపిల్లాడిలా కాదు, మొగుడిలాగే ఏడ్చాడు. బాధపడిందా అనడిగాడు. లేదండి, నిద్దట్లోనే పోయింది అన్నాను. తలకొరివి ఎవరు పెట్టారన్నాడు. మీ ఉదయ్ అన్నాను. 'మంచోడు, మంచోడు' అన్నాడు. నేనూ ఏడ్చాను ఆయనతోపాటు. ఎవరి కోసమో మరి! తర్వాత మొహం తుడుచుకున్నాడు. 'రేపల్లె ఇంకా దూరమే, అన్నం ఉంటే పెట్టు తల్లీ' అన్నాడు. కంచం ఖాళీ చేశాడు.

మర్నాటికి మర్చిపోతాడనుకున్నాను. ఏదీ నిలవదుగా! ఇందాక తాగిన నీళ్ళు నిలవవు, కొడుకు మొహం నిలవదు. ఈ ఒక్కటీ నిలిచిపోయింది. ఇంక వెతకడు. వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు, మా ఇంటిది పోయిందండీ అని. పాలు పోసేవాడికీ చెప్పాడు, కరెంటు మీటరు చూసేవాడికీ చెప్పాడు.

నువ్వు పనిచేస్తుంటే నీకూ చెబుతాడు. అయ్యో, అదిగో ఉందిగా మీ ఆవిడ అని చెయ్యి చూపించేవు! నీకు దణ్ణం పెడతాను. 'విన్నాను అంకారావూ, మంచి మనిషి' అను. అది చాలు. ఆయన ముందు నన్ను రత్తాలూ అని పిలవకు. పుల్లమ్మా అను.

అట్టా చూడకన్నయ్యా. చచ్చినదాన్నైతేనేం? అన్నం తింటున్నాడుగా.