గొంగడిలో ఉన్నది గొర్రెపిల్ల

నా పేరు నాంచారమ్మ. భర్త పెద్దులు, చనిపోయాడు. వయసు డెబ్బై దాకా ఉంటుంది. గొర్రెలు కాస్తాను. మాది మాడుగులపల్లి. చదువు రాదు. జీవన్ నా మీద ఇచ్చిన ఫిర్యాదు గురించి ఎస్సై గారు అడగగా చెబుతున్నాను.

పోయిన సోమవారం జబ్బుపడ్డ గొర్రెపిల్లను గొంగడిలో చుట్టుకొని మిర్యాలగూడ పశువుల దవాఖానకు తెచ్చాను. బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల దుకాణం నడిపే జీవన్ నా ఫోటో తీశాడు. నన్ను అడగలేదు.

గురువారం మళ్లీ సూది మందుకు తెస్తుంటే, బస్సులో ఒక తల్లి నన్ను చూసి బిడ్డను ఒళ్లోకి లాక్కుంది. బస్సు దిగాక ఇద్దరు మగవాళ్లు అడ్డం వచ్చి గొంగడి విప్పించారు. గొర్రెపిల్ల అరిచింది. "ఫోటోల ఉన్నది గీమెనే" అనుకుంటూ పోయారు.

ఏ ఫోటోనో తెలుసుకుందామని గ్రంథాలయానికి పోయాను. అక్కడ పనిచేసే కరుణ నేను ఎప్పుడు పోయినా పేపరు చదివి వినిపిస్తుంది. ఆమె కంప్యూటర్‌లో వెతికి చూపించింది. ఫేస్‌బుక్‌లో నా ఫోటో కింద "పిల్లలను ఎత్తుకుపోయే ముసలిది, జాగ్రత్త" అని జీవన్ రాశాడట. నన్ను. నలుగురు పిల్లలను కని పెంచిన నన్ను.

దుకాణానికి పోయి అతని కాలర్ పట్టుకొని గ్రంథాలయానికి తెచ్చాను. కొట్టలేదు.

"తీసేస్తలే అవ్వా, ఇడువు."

"తీసేస్తే సూసినోళ్లకు ఎట్ల తెలుస్తదిరా? గాడనే నిజం రాయి."

"ఎవరో అన్నరు, పెట్టిన. నాకేం ఎరుక?"

"నన్నడగకపోతివి? నాకు నోరు లేదా?"

కరుణ అతనికి కుర్చీ వేసింది. "గీడ కంప్యూటర్ నేర్వ వచ్చినోళ్లకు ముందుగాల సెప్పేది గదే జీవన్. ఎరుక లేనిది పంపొద్దు. పంపితే, పంపిన కాడనే దిద్దుకోవాలె."

అతను తప్పు ఒప్పుకుంటూ రాశాడు. నొక్కే ముందు నాకు చదివి వినిపించమన్నాను. రెండుసార్లు వినిపించాడు. గొర్రెపిల్ల బల్ల కింద పడుకొని ఉంది.

"అవ్వా, పిల్లతోని ఒక ఫోటో తియ్యాల్నా?" అని ఈసారి అడిగాడు.

"ఇగ తియ్యి" అన్నాను.

నిన్న బస్సులో అదే తల్లి తన బిడ్డ చేత గొర్రెపిల్లను ముట్టించింది. గొర్రెపిల్ల ఇప్పుడు మేత మేస్తున్నది. నాకు ఎవరి మీదా కోపం లేదు. ఆ తర్వాత అతను ఫిర్యాదులో చెప్పినట్టు అతని కాలర్ చిరిగింది నిజమే, కుట్టించి ఇస్తాను.

నేను చెప్పింది రాసుకున్న పోలీసు సారు ఇదంతా చదివి వినిపించారు. కాలర్ అన్న చోట "చేయి పట్టుకొని" అని ఉంది.

"నీ మంచికే రాసిన అవ్వా."

"పట్టింది కాలరు. కాలరే రాయి సారూ."

దిద్దారు. మళ్లీ చదివించుకొని విన్నాను. ఇప్పుడు ఇందులో ఉన్నది జరిగినదే. అందుకే వేలు పెడుతున్నాను.

నాంచారమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర
మిర్యాలగూడ, నవంబరు 2014