లూపే కొలిచిన ఊపిరి

పాస్టరు గారికీ, లూపే కౌఫూసి కుటుంబానికీ, మూడు రోజులుగా నడుముకు కట్టిన సంతాపపు చాప విప్పకుండా ఈ హాలులోనే కూర్చున్న హలాఫూకా ఊరివారికీ, పక్క దీవుల నుంచి ఇంత గాలిలోనూ పడవల మీద వచ్చిన మీ అందరికీ నా నమస్కారాలు.

పోయిన మంగళవారం మధ్యాహ్నం మన లూపే కన్నుమూసింది. యాభై తొమ్మిదేళ్లు. వెళ్లవలసిన వయసా అది?

నన్ను మాట్లాడమని ఆమె చెల్లెలు అడిగింది. ఇరవై రెండేళ్లు ఒకే ఆసుపత్రిలో పనిచేశారు కదా డాక్టరు గారూ, మీకంటే ఎక్కువ ఎవరికి తెలుసు అంది. నిజమే, నాకు తెలుసు. అందుకే ఇలా నిలబడడం కష్టంగా ఉంది. ఆమెను పొగడడానికి ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను చెప్పవలసినది వేరే ఉంది. కొంచెం ఓపికగా వినండి.

ఆమె ఉద్యోగం పేరు ఆహార నిపుణురాలు. మీలో ఎవరూ ఆ మాట వాడలేదు. కాటా అక్క అన్నారు. బుట్టలో వంటింటి కాటా వేసుకుని ఇల్లిల్లూ తిరిగేది కదా. మీ పెండలం తూచింది, మీ చేమగడ్డ తూచింది, ఆదివారం నేలపొయ్యి తవ్వగానే ఆకుల పొట్లాలు విప్పి కొబ్బరిపాలు ఎన్ని చెంచాలు పోశారో అడిగింది. మీరు విసుక్కున్నారు, తరువాత నవ్వారు, తరువాత ఆమెకూ ఒక విస్తరి వేశారు.

అమ్మలారా, అన్నదమ్ములారా, నా గది గోడ మీద ఒక పట్టిక ఉండేది, మీకు గుర్తుందా? చక్కెర జబ్బు ఉన్నవాళ్లందరూ దాని ముందు నిలబడినవాళ్లే. మనిషి ఏ పనీ చేయకుండా పడుకున్నా గుండె కొట్టుకోవాలి, ఊపిరి ఆడాలి, ఒళ్లు వెచ్చగా ఉండాలి. దానికి రోజుకు ఎంత శక్తి కావాలో ఆ పట్టిక చెబుతుంది. బరువు, ఎత్తు, వయసు, ఆడో మగో. ఇవి వేస్తే ఒక అంకె వస్తుంది. ఆ అంకెను పట్టుకుని, రోజుకు ఇన్ని పెండలం ముక్కలు, ఇంత చేప అని నేను చీటీ రాసేవాడిని.

ఆ పట్టిక కట్టడానికి ఎవరిని కొలిచారు? మనలాంటి ఒళ్లున్నవాళ్లనా? చక్కెర జబ్బు ఉన్నవాళ్లనా? నేను ఏనాడూ అడగలేదు. లూపే చేరిన మొదటి వారంలోనే అడిగింది. "ముందు పని నేర్చుకో అమ్మా" అన్నాను. అలా మొదలయింది మా పరిచయం.

ఇప్పుడు ఫెలేటి గురించి చెప్పాలి. పడవలు కట్టే వడ్రంగి. ఈ చర్చి పాటల బృందంలో అందరికంటే కింది స్వరం ఆయనది. ఆయన భార్య పిసీలా ఇక్కడే, కిటికీ పక్కన కూర్చుని ఉంది.

ఫెలేటి నా దగ్గరకు వచ్చినప్పుడు చక్కెర విపరీతంగా ఉంది. ఇన్సులిన్ మొదలుపెట్టాను, చీటీ రాసి ఇచ్చాను. మూడు నెలలకు చక్కెర దిగింది. బరువు మాత్రం ఏడు కిలోలు పెరిగింది. ఆ రోజు వరండా నిండా జనం. కాటా మీద నిలబడిన మనిషిని చూసి అందరికీ వినపడేలా ఒక మాట అన్నాను. "ఫెలేటీ, గొర్రె మాంసం చాటుగా తిన్నా కాటాకు తెలిసిపోతుందయ్యా." జనం నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

మరునాడు లూపే వాళ్లింటికి వెళ్లింది. వారం రోజులు వాళ్లతోనే తిన్నది. ప్రతి ముక్కా తూచింది. పిసీలా ఆమెతో అన్నదట, "నా చేత్తో కొలిచి పెడుతున్నాను లూపే. ఈయన పడవ కొలతలో అయినా తప్పుతాడేమోగానీ చీటీ దగ్గర తప్పడు." వారం తరువాత లూపే నా గదిలోకి వచ్చి చెప్పింది, "డాక్టరు గారూ, ఆయన మీరు రాసినంతే తింటున్నాడు." నేను నమ్మలేదు. వారం రోజులు ఎవరైనా బుద్ధిగా ఉంటారులే అన్నాను.

ఆమె వాదించలేదు. ఎక్కడెక్కడికో ఉత్తరాలు రాసి, పరిశోధన కోసం వచ్చిన ఒక బృందం దగ్గర నుంచి ఆరు నెలల కోసం ఒక యంత్రం తెచ్చుకుంది. మీలో కొందరు దాని కింద పడుకున్నారు. పరగడుపున వచ్చి, తల మీద గాజులాంటి డొప్ప పెట్టించుకుని, అరగంట కదలకుండా ఉండాలి. పీల్చిన గాలికీ వదిలిన గాలికీ తేడా చూస్తే, ఆ ఒంట్లో నిజంగా ఎంత ఖర్చవుతోందో తెలుస్తుంది. నిద్రపోతే లెక్క తప్పుతుంది. ఫెలేటికి పడుకోగానే గురక వస్తుంది. "అన్నా, చర్చిలో ప్రసంగం వింటున్నట్టు ఊరికే పడుకో, కళ్లు మాత్రం మూయకు" అన్నదట ఆమె. "ప్రసంగం అంటే మూతపడతాయి లూపే, ఇంకేదైనా చెప్పు" అన్నాడట ఆయన. పాస్టరు గారు మన్నించాలి.

నా పట్టిక ఆయనకు పడుకున్నప్పటి ఖర్చు రెండువేల రెండువందల యాభై కేలరీలని చెప్పింది. యంత్రం పద్దెనిమిది వందల తొంభై అంది.

అర్థమైందా? చక్కెర అదుపు తప్పినప్పుడు ఒళ్లు పడుకుని ఉన్నా ఎక్కువ ఖర్చు పెడుతుంది. పైగా తిన్నదాంట్లో కొంత మూత్రంలో పోతుంది. సూదులతో అదుపులోకి రాగానే ఆ ఖర్చు తగ్గుతుంది, బయటికి పోయేది లోపలే నిలుస్తుంది. నిన్నటిదాకా సరిపోయిన తిండి ఇవాళ ఎక్కువవుతుంది. అప్పుడు నేను చీటీ మార్చి ఉండాలి. మార్చలేదు. నేను రాసిన తిండి తిని ఆయన బరువు పెరిగాడు. దానికి నేను ఆయనను దొంగను చేశాను.

అందరికీ పట్టిక ఎక్కువే చెప్పిందా అంటే, అదీ లేదు. చాపలు అల్లే ఒకామెకు తక్కువ చెప్పింది. నా చీటీ ప్రకారం అర్ధాకలితో తిని, సూది వేసుకుని, ఇదే చర్చిలో కళ్లు తిరిగి పడిపోయింది. నలభై ఒక్కమందిని కొలిచి లూపే తేల్చింది ఒక్కటే. పట్టిక ఒక అంచనా. మనిషిని చూసి దాన్ని సరిచేసుకోవాలి, చికిత్స మొదలైన మూడు నెలలకు మళ్లీ లెక్కకట్టాలి. బరువు మాట వినకపోతే ముందు లెక్కను అనుమానించాలి, మనిషిని ఆ తరువాతే.

ఆ నోటుపుస్తకం నా బల్ల మీద పెట్టింది. నలభై ఒక్కమందిని చూసి ఎవరు మారుస్తారు లూపే అన్నాను. సొరుగులో పెట్టాను.

ఆమె ఫెలేటి దగ్గరకు వెళ్లి జరిగింది చెప్పింది. ఆయన విని ఏమన్నాడో వచ్చి నాకూ చెప్పింది. "నువ్వు చెబితే నమ్ముతాను లూపే. కానీ ఆయన అందరి ముందూ అన్నాడు. అందరి ముందూ చెప్పమను. అప్పుడు వస్తాను." ఒక్క వాక్యం అడిగాడు. నేను ఏం చేశాను? పని ఎక్కువగా ఉంది, ఆయననే రమ్మను, గదిలో మాట్లాడతాను అన్నాను. లూపే మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ అదే జవాబు చెప్పాను.

ఆయన రాలేదు. ఇన్సులిన్ మానేశాడు. ఒళ్లు పెరిగితే దొంగ అంటారు, మానేస్తే తగ్గుతుంది కదా అనుకున్నాడు. తగ్గింది కూడా. ఏడాదికి పాదం మీద పుండు పడింది, తరువాత మోకాలి కింద కాలు పోయింది, ఆ పై ఏడాది మనిషే పోయాడు. ఆయన అంత్యక్రియలకు నేను వచ్చాను. పెద్దల వరసలో కూర్చుని, వేరు దంచి కలిపిన కావా చిప్పతో అందుకుని తాగాను. లూపే వంటల దగ్గర పనిచేస్తూ కనిపించింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజూ అనలేదు, ఆ తరువాత ఎనిమిదేళ్లలో ఏ రోజూ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

పోయిన నెల ఆమె మా వార్డులోనే మంచం మీద ఉంది. క్యాన్సర్ ఎముకల దాకా వెళ్లింది. అప్పుడు తీశాను ఆ పుస్తకం. కొత్త పట్టిక రాసి, ఆమె చెప్పిన మాటలన్నీ చేర్చి, సంతకం పెట్టి తీసుకెళ్లాను. కళ్లద్దాలు అడిగింది. నిదానంగా చదివింది. నా కూడికలో ఒక తప్పు దిద్దింది. "తేదీ వేయలేదు డాక్టరు గారూ" అంది. వేశాను. ఇన్నేళ్లూ నన్నెందుకు తిట్టలేదని అడిగాను. చిన్నగా నవ్వింది. "తిడితే మీరూ ఆసుపత్రికి రావడం మానేస్తారేమోనని" అంది.

నేను నవ్వలేకపోయాను.

పిసీలా, నీ ఇంటికి వచ్చి చెప్పవచ్చు. కానీ ఆయన అడిగింది అది కాదు. అందుకని ఈ హాలులో, ఆ రోజు నవ్వినవాళ్లలో కొందరైనా వింటుండగా చెబుతున్నాను. ఫెలేటి చాటుగా ఏమీ తినలేదు. నేను రాసినంతే తిన్నాడు. లెక్క నాది, తప్పు నాది. పదేళ్లు ఆలస్యంగా చెబుతున్నాను. చెప్పమని అడిగిన మనిషి లేడు, ఆయన తరఫున నా చుట్టూ తిరిగిన మనిషీ లేదు. క్షమించమని నిన్ను ఇరుకున పెట్టను. విన్నావు, అది చాలు.

మీలో ఇంకా ఎంతమందిని నేను ఆ కాటా దగ్గర చిన్నబుచ్చానో నాకు గుర్తు లేదు. మీకు గుర్తుంటుంది. గురువారం ఆసుపత్రికి రండి. ఈసారి ముందు మీరు మాట్లాడండి, నేను వింటాను.

ఇక లూపే కోసం లేచి రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం. ఈ జబ్బుకు కాళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఈ హాలులో పదకొండు మంది ఉన్నారు, నేను లెక్కపెట్టాను. మీరు కూర్చునే ఉండండి. మీ పక్కనున్నవాళ్లు మీ భుజం మీద చెయ్యి వేసి నిలబడతారు. మిగిలినవాళ్లందరం లేద్దాం.