మోచేతి అతుకు

సైన్యం ఆఫీసు గుమాస్తా సంచిలోంచి స్వెట్టర్ తీసి కుట్టుమిషన్ మీద పరిచాడు. కుట్టుపని చేసుకునే ఆ తల్లి దాన్ని ముట్టుకోలేదు. వంటింటి గుమ్మంలో కోడలు నిలబడి ఉంది.

“ముందు దాన్ని మిషన్ మీంచి తియ్యండి. పెళ్లివాళ్ల జాకెట్లు కుడుతున్నాను. మురికవుతాయి.”

“ఉతికించే తెచ్చామమ్మా.”

“ఓహో, ఉతికించారా! ఎనిమిది నెలలుగా మనిషిని వెతకడం చేతకాలేదు గానీ, స్వెట్టర్ ఉతకడం మాత్రం వచ్చింది.”

“మీవాడితో కలిపి ఆ రోజు కనపడకుండా పోయింది నలుగురు. ఇప్పుడు మంచులో ఒక్క శవం దొరికింది. మొహం గుర్తుపట్టేలా లేదు. ఒంటిమీద ఇది ఉంది. మీవాడిదో కాదో చెబితే...”

“కాదు.”

“ఇంకా చూడనేలేదు కదమ్మా!”

“ముప్పై ఏళ్లుగా ఇదే పని నాకు. దగ్గరికొచ్చి చూడాలా? ఆ మోచెయ్యి చూడండి. బూడిదరంగు ఉన్నికి ఆకుపచ్చ దారమా? పైగా పీకి పీకి కుడితే, అలిగిన మూతిలా ముడుచుకుపోయింది. నా కొడుకు ఒంటిమీద ఇలాంటి అతుకుంటే నా పరువేం కాను?”

“అత్తయ్యా, ఒక్కసారి నేను...”

“నువ్వు పొయ్యి దగ్గర చూసుకో. పాలు పొంగుతాయి.”

“పొయ్యి మీద పాలు లేవత్తయ్యా.”

“అయితే పెట్టు!”

“ఆ అమ్మాయిని కూడా చూడనివ్వండమ్మా.”

“దానికేం తెలుసు? బొత్తాం కుట్టమంటే వేలు కుట్టుకునే రకం. కాదని రాసుకోండి. రాయడం వచ్చా అసలు? మొన్నటి ఉత్తరంలో మావాడి పేరే తప్పు రాశారు.”

“సరే, రాసుకున్నాను. మీది కాదు. ఇంకో రెండిళ్లవాళ్లు నిన్ననే కాదన్నారు. ఇక మిగిలింది సందు చివర ఇస్త్రీ ఆవిడ.”

“ఆవిడా! బాగానే ఉంది. గుడ్డపీలిక చూపించినా నా కొడుకుదే అని గుండెలు బాదుకుంటుంది. మొన్న మీవాళ్లు ఎవడిదో బెల్టు తెచ్చి చూపిస్తే మూడు రోజులు మంచం దిగలేదు. గొంతులో ఇన్ని నీళ్లు పోసింది నేనే.”

“ఆవిడ ఔనని సంతకం పెడితే వాళ్లబ్బాయి పోయాడని రాసేస్తాం. ఇక వెతకడం ఆపేస్తాం.”

“అదేమిటి? వాడు ఎక్కడో బతికుంటే?”

“ముగ్గురు కాదన్నాక మిగిలినవాళ్లదే కదమ్మా. లెక్క అంతే.”

“లెక్కట, లెక్క! ఏడిసినట్టుంది. మీ ఇంటి పిల్లాడైతే ఇలాగే తీసేస్తావా లెక్క?”

“నా ఉద్యోగం నేను చేస్తున్నాను. వెళ్లొస్తాను.”

“అత్తయ్యా... ఆయన వెళ్లిపోతున్నారు.”

“కనిపిస్తోంది. నాకు కళ్లు లేవా?”

“ఆవిడ ఔనంటుందత్తయ్యా.”

“తెలుసే! తెలుసు... ఏమయ్యోయ్ గుమాస్తా! ఆగు. పిలుస్తుంటే ఆ పరుగేమిటి?”

“మళ్లీ ఏమిటమ్మా?”

“ఆ స్వెట్టర్ ఇటు తే.”

“ఇప్పుడే కదా కాదన్నారు!”

“చెప్పవే అమ్మాయ్, ఆ అతుకు నువ్వే వేశావని. నాకు నోరు రావడం లేదు.”