కుడికాలి కొలత

పిల్లలూ, ఇంత దూరంలో మిమ్మల్ని పెంచుతూ, మీరెన్నడూ చూడని మీ మేనత్త గురించి ఈ ముక్క ఇన్నాళ్లూ చెప్పకపోవడం నా తప్పే. ఇప్పుడు వినండి.

మేనత్త బట్టలు కుట్టేది. ఒకసారి కుడి ముంజేయి విరిగింది. ఎముక అతికిందని చెప్పి ఆ ఉదయమే కట్టు విప్పారు. చేయి పుల్లలా ఉంది, కత్తెర పట్టుకుంటే జారిపోతోంది. ఇక గుడ్డ కోయలేనేమోనని కుమిలిపోతూ తన షాపు పక్క టీకొట్టు బల్లమీద కూర్చుంది. ఎదురుగా, గోడలకు రంగులేసే నిచ్చెన బాబాయి అందుకున్నాడు.

“ఈమాత్రానికే దిగులా తల్లీ? నేను మూడో అంతస్తు నుంచి పడి కుడికాలు విరగ్గొట్టుకున్నానా, మూడు నెలలన్నాడు డాక్టరు, మూడు వారాల్లో లేచి నిలబడ్డా!”

“మూడు వారాలా!” టీకొట్టాయన గ్లాసు కడగడం ఆపాడు.

“సరిగ్గా లెక్కేస్తే మూడు రోజులే. ఎముక అతుక్కునే చప్పుడుకి వార్డులో ఒక్కడికీ కునుకు లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎముక ముదిరి ఇనుమైంది! గేటు దగ్గర లారీ నా కాలెక్కితే, పాపం, దాని చక్రం పగిలింది. డ్రైవరు వచ్చి నా కాలు పట్టుకున్నాడు.”

“ఏ కాలు?”

“ఎడమది. కుడిది పట్టుకుంటే వాడి చేతులు విరగవూ? అక్కడితో ఆగిందా, పెరుగుతూనే ఉంది, ఇప్పుడు ఎడమదానికంటే జానెడు పొడుగు, ఇక నాకు నిచ్చెనతో పనేముంది!”

మేనత్తకు నవ్వాగలేదు.

“బాబాయ్, పన్నెండేళ్లుగా నీ ప్యాంట్లు కుట్టేది నేనే. రెండు కాళ్లూ ముప్ఫైతొమ్మిది అంగుళాలే.”

టీకొట్టంతా గొల్లుమంది.

“పైగా నీ కాలి కట్టు విప్పాక కర్ర పట్టుకుని వచ్చావు. పిక్కల దగ్గర బిగుతుగా కుట్టించుకుంటావుగా, కొలిచాను. కుడిపిక్క రెండంగుళాలు తక్కువ. ఆర్నెల్లకి ఒక్క అంగుళమే తక్కువ. మరుసటేడు కొలిస్తే…”

ఆమె ఆగిపోయింది.

“రెండూ సమానం,” అన్నాడు బాబాయి నెమ్మదిగా. ఆ పూట ఆయన నోట వచ్చిన మొదటి నిజం అదే.

ఆ రెండంగుళాలూ ఎవరు తెచ్చి నింపారు? ఆయన తింటున్నప్పుడా, నడుస్తున్నప్పుడా, ఇలా కోతలు కోస్తున్నప్పుడా? ఆయనకే తెలియదు. మేనత్త తన చేతిని కొత్తగా చూసినట్టు చూసింది. టేపు ఒక కొస ఆయనకిచ్చి ముంజేయి కొలిపించుకుంది.

“ఏడుంపావు,” అన్నాడు.

“తేదీ వేసి రాయి బాబాయ్. ఏమీ కలపకు.”

పిల్లలూ, దీన్ని మీ పిల్లలకీ చెప్పండి. కావాలంటే లారీని రైలు చేసుకోండి. అంగుళాలు మాత్రం మార్చకండి.